ఈల ఆగిన చోట

మా ఇంటి వెనక కాలవ, కాలవకి అవతల ఒక మూతబడ్డ రైసుమిల్లు. మిల్లు ముందు ధాన్యం ఆరబోయడానికి కట్టిన సిమెంటు కళ్లం ఎకరం పైనే ఉండేది. గుడివాడలో అలాంటి కళ్లాలకి కొదవ లేదు. పెళ్లయి, బిడ్డ పుట్టిన మనిషి సాయంత్రం అయ్యేసరికి కారు తీసుకెళ్లి అడ్డంగా జారిస్తూ గుండ్రాలు తిప్పే కళ్లం మాత్రం నాకు తెలిసి అదొక్కటే. ఆ మనిషి మా ఆయన.

ఆయనకి ఊరి చివర ఇంజన్ల షెడ్డు ఉండేది. బందరు వైపు నుంచి, దివిసీమ నుంచి రొయ్యల చెరువుల వాళ్లు నీళ్లు తోడే ఇంజన్లూ, చెరువులో గాలి కొట్టే ఏరేటర్లూ బాగుచేయించుకోవడానికి వేసుకొచ్చేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పని కాస్త మందగించిన ఒక వేసవిలో ఆయన పాత కారొకటి కొన్నారు. ఇంజను బలం వెనక చక్రాలకి వెళ్లే రకం. అడ్డంగా జారాలంటే అదే కావాలట. మద్రాసు పాత సామాన్ల బజారు నుంచి జపాను ఇంజనొకటి, దానికో టర్బో తెచ్చి బిగించారు. టర్బో అంటే ఏమిటో అన్నం తింటూ నాకు చెప్పారు. ఇంజను వదిలే పొగతో ఒక చిన్న ఫ్యాను తిరుగుతుంది, ఆ ఫ్యాను ఇంజనుకి ఇంకా గాలి పట్టిస్తుంది, గాలి ఎక్కువైతే బలం ఎక్కువవుతుంది. పొగకి కూడా పని చెప్పిన మనిషికి పెరట్లో కారుతున్న కుళాయి మాత్రం కనపడలేదన్నాను. ఆయన నవ్వి పెరుగు వేసుకున్నారు.

వెనక సీటు పీకేశారు. లోపల ఇనప గొట్టాలతో పంజరం కట్టారు, బోల్తా పడినా నలక్కుండా ఉండడానికి. ముందు సీట్లు రెండింటికీ మామూలు బెల్టులు కావు. భుజాల మీంచి, నడుం పక్కల నుంచి, కాళ్ల మధ్య నుంచి వచ్చి పొట్ట మీద ఒక గుండ్రటి బిళ్లలో కలిసేవి. ఆ బిళ్ల తిప్పితే అన్నీ ఒక్కసారే ఊడతాయి. తిప్పాలని తెలియని వాళ్లు ఎంత గుంజినా ఊడవు. ఒక్కసారే, మంగినపూడి బీచికి, నన్ను అందులో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లారు. సముద్రం దగ్గర ఆపి ఆయన ఎటో నడిచి వెళ్లేసరికి నాకు దిగడం చేతకాలేదు. బెల్టులు పట్టుకుని గుంజుతూ, ఆయన్ని తిడుతూ కూర్చున్నాను. వచ్చి, నవ్వుతూ బిళ్ల తిప్పి దింపారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచీ ఆ బండంటే నాకు భయం పట్టుకుంది.

చుట్టుపక్కల ఆడవాళ్లు దాన్ని నా సవతి అనేవారు. సవతైతే జుట్టు పట్టుకునేదాన్ని. దీని సంగతి వేరు. దీనికి ఈల ఉంది.

టర్బో తిరిగినప్పుడు సన్నగా మొదలై పైకి లేచే ఈల అది. కాలు తీస్తే తుస్సుమని, మళ్లీ తొక్కితే మళ్లీ లేచేది. కాలవ మీదుగా మా వంటింట్లోకి స్పష్టంగా వచ్చేది. నేను పప్పు కడుగుతున్నా, బట్టలు మడత పెడుతున్నా, చెవి మాత్రం అక్కడే ఉండేది. ఈల వస్తోందంటే మనిషి ఉన్నట్టు. మెల్లగా తగ్గి, ఇంజను కాసేపు ఊరికే తిరిగి ఆగిందంటే ఇంటికి వస్తున్నట్టు. టర్బో బండిని పరుగెత్తించి ఠక్కున ఆపకూడదు, అది చల్లారే వరకూ ఇంజను తిరుగుతుండాలి, అది ఆయన పాటించే నియమం. అందుకే ఈల ఉన్నట్టుండి ఆగిందంటే నా చేతులు ఆగిపోయేవి. మళ్లీ వినపడే వరకూ కదిలేవి కావు. ఎక్కువసార్లు అది ఏదో పైపు ఊడడమో, ఇంజను మొరాయించడమో అయ్యేది. ఒకసారి మాత్రం కళ్లం గట్టుకి కొట్టుకుని భుజం ఎముక విరిగింది. ఆ రోజు నేను కాలవ గట్టెక్కి అడ్డంగా పడి పరుగెత్తాను.

భుజం అతుక్కుంది, బండి మళ్లీ కళ్లం మీదికి వెళ్లింది. బండిని లారీ ఎక్కించుకుని మద్రాసు దగ్గరి రేసుల ట్రాకుకి కూడా వెళ్లొచ్చేవారు. ఆ రోజుల్లో ఈల వినపడదు కాబట్టి నాకు ఇంకా నరకం. అయినా ఓర్చుకున్నాను. ఆయనకి ఉన్న సరదా అదొక్కటే, తాగుడు లేదు, పేకాట లేదు. అలా ఇంకెన్నాళ్లు ఓర్చుకునేదాన్నో గాని, మా పాప సంగతి చూశాక నా ఓర్పు తెగింది.

పాపకి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. ఒక సాయంత్రం వంటింటి గడపలో కూర్చుని చెంచాతో గిన్నె కొడుతోంది. అవతల ఈల ఆగింది. పాప చెంచా పైకెత్తి అలాగే ఉండిపోయింది. నా మొహం చూడడం లేదు, కాలవ వైపు చూస్తోంది. మళ్లీ ఈల లేచాక చెంచా కిందికి దిగింది, గిన్నె మోగింది. నేనేమీ నేర్పలేదు. నా పక్కన కూర్చుని ఎదిగింది, అంతే. ఆ పూట ఆయన ఇంటికి రాగానే ఇంట్లో ఆ బండైనా ఉండాలి, మేమిద్దరమైనా ఉండాలి అని చెప్పేశాను. అరవలేదు. అరిస్తే ఆయన అలవాటు కొద్దీ నవ్వేసేవారు. నా గొంతు విని నవ్వలేదు.

పేపర్లో ప్రకటన వేశారు. వచ్చిన వాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఒళ్లుమంటా రెండూ వస్తాయి. మొదట వచ్చిన పెద్దమనిషి చుట్టూ తిరిగి చూసి మైలేజీ ఎంత ఇస్తుందండీ అన్నాడు. పామర్రు నుంచి వచ్చినాయన పెళ్లిళ్ల సీజన్లో అద్దెకి తిప్పుదామనుకుని, వెనక సీటు ఏదని వెతికి, ఇనప గొట్టాలు చూసి, ఇందులో పెళ్లికూతుర్ని ఎక్కడ కూర్చోబెడతారండీ అన్నాడు. ఇంకొకతను ధీమాగా తాళాలు తీసుకుని కళ్లం మీద ఒక చుట్టు తిప్పాడు. దిగి, మొహం పాలిపోయి, మళ్లీ వస్తానండీ అని వెళ్లిపోయాడు. అతని చెప్పులు మా గుమ్మంలోనే ఉండిపోయాయి. వాటి కోసం కూడా మళ్లీ రాలేదు.

చివరికి కొన్నది నాగాయలంక దగ్గర రొయ్యల చెరువులున్న కుర్రాడు. ఎప్పటి నుంచో షెడ్డుకి వచ్చేవాడే. మా ఆయన్ని బావగారూ అనేవాడు, నన్ను అక్కయ్యగారూ అనేవాడు. మర్యాదస్తుడు, ఎదురు చెప్పే రకం కాదు. ఆ బండిని చూసినప్పుడల్లా పండగ మిఠాయి చూసినట్టు చూసేవాడు. ఎక్కడ తిప్పుతావయ్యా అని నేనే అడిగాను. మా చెరువుల గట్ల మీద ఊరికే అటూ ఇటూ తిప్పుకుంటానండీ అన్నాడు. ఆ గట్లకి రెండు వైపులా నీళ్లే. మా ఆయన మొహంలోకి చూశాను. ఆయన కూడా అదే ఆలోచిస్తున్నారని తెలిసింది.

అందుకే బండి ఊరికే ఇచ్చి పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. కొన్ని సాయంత్రాలు అతన్ని కళ్లం మీద కూర్చోబెట్టి నేర్పారు. బెల్టుల బిళ్ల తిప్పించారు. చేతి బ్రేకు లాగితే వెనక చక్రాలు ఎలా బిగుస్తాయో చూపించారు. ముఖ్యంగా ఒకటి మళ్లీ మళ్లీ చెప్పారు. బండి కడుపు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది, టర్బో నుంచి వచ్చే గొట్టం దాని కింద నుంచే పోతుంది, గట్టిగా నడిపాక అది ఎర్రగా కాలుతుంది, గడ్డి మీదా ఎండు చెత్త మీదా బండి పెట్టకూడదు, పోనివ్వకూడదు. అలాగేనండీ బావగారూ అన్నాడు అతను ప్రతిసారీ.

బండి అప్పజెప్పడానికి వెళ్లేటప్పుడు నేనూ వస్తానన్నాను. పాపని మా అమ్మ దగ్గర వదిలాను. ఆ బండి నా గుమ్మం దాటి, నది దాటి పోవడం నా కళ్లతో చూస్తే గాని నాకు నిద్ర పట్టదనిపించింది. మా ఆయన బండి నడుపుతుంటే ఆ కుర్రాడు పక్కన కూర్చున్నాడు. వాళ్ల వెనక, అతను అద్దెకి తెచ్చిన జీపులో డ్రైవరు పక్కన నేను.

మినుము కాలం అది. మా వైపు వరి కోసిన చేలలో మినుము చల్లుతారు. మొక్కలు పీకి ఎండబెట్టాక తెచ్చి తారు రోడ్డు మీద పరుస్తారు. వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కుకుంటూ వెళ్తే కాయ పగిలి గింజ రాలుతుంది, రైతుకి నూర్పిడి ఖర్చు లేదు. ఎవరూ ఏమీ అనుకోరు. పక్క నుంచి తప్పుకుని వెళ్లేవాడినే అదోలా చూస్తారు. చల్లపల్లి దాటాక రోడ్డు మీద అడుగడుగునా మినుమే. మా జీపు దాని మీద నుంచి కరకరమంటూ పోతోంది. ముందు మా ఆయన మాత్రం మినుము కనపడిన ప్రతిచోటా వేగం తగ్గించి, పక్కన మట్టిలోకి దించి, ఒక్కోచోట కాలవలో పడేంత అంచుకి వెళ్లి తప్పించుకుంటున్నారు. మోపిదేవి దగ్గర ఒక రైతు, మీద నుంచి పోనివ్వచ్చు కదండీ, మా మినుము చేదా అని కేకేశాడు.

“ఆ బండికి మడి ఎక్కువ లాగుందండీ” అన్నాడు మా జీపు డ్రైవరు.

నేను నవ్వాను. పులిగడ్డ దగ్గర నది దాటుతుంటే గుండెల మీద బరువు దిగినట్టే అనిపించింది కూడా. దిగిందనుకున్నాను గాని, అవనిగడ్డ దాటి వాళ్ల ఊరి మొదట్లోకి వచ్చేసరికి మళ్లీ ఎక్కింది.

వాళ్ల వీధి పెద్ద రోడ్డులో కలిసే చోట రోడ్డు పొడుగునా మినుము పరిచి ఉంది. మోకాలి లోతు మందాన, అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచు వరకూ. పక్క నుంచి తప్పుకోవడానికి జాగా లేకుండా పరిచారు. ముందు వైపు పసుపు నీళ్లు చల్లి, కొబ్బరికాయ పెట్టుకుని, భుజాన కొత్త తువ్వాలుతో ఆ కుర్రాడి తండ్రి నిలబడి ఉన్నారు. పొద్దున్నే కూలీలని పెట్టి పరిపించారట. వాళ్ల ఇంటికి ఏ కొత్త బండి వచ్చినా ముందు వాళ్ల పంట తొక్కాకే గుమ్మంలోకి రావాలి. ట్రాక్టరు అలాగే వచ్చింది, మోటారు సైకిలూ అలాగే వచ్చింది. అది వాళ్ల తాతల నాటి ఆనవాయితీ. కొడుక్కి ఆ సంగతి తెలుసు. ఎండు చెత్త మీద పోనివ్వకూడదని మా ఆయన చెప్పిందీ తెలుసు. తండ్రికి ఆ మాట చెప్పడానికి మొహమాటపడి, మా ఆయన ఎదటే తేలుతుందిలెమ్మని ఊరుకున్నాడు.

మా ఆయన మినుముకి దూరంగా బండి ఆపి దిగారు. పెద్దాయనకి నమస్కారం పెట్టి, నేల మీద గొంతుకూర్చుని, బండి కిందికి చెయ్యి చూపించి అంతా చెప్పారు. పెద్దాయన కూడా పంచె సర్దుకుని వంగి చూశారు. తలూపుతూ విన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, చిన్నబోవడం మాత్రం ఉంది. కూలీలూ ఇరుగుపొరుగూ చూస్తున్నారు మరి.

“అలాగే బాబూ. మీరు అంత చెప్పాక కాదంటానా” అన్నారు.

పంగలకర్రలతో మినుము పక్కకి లాగి, కారు పట్టేంత దారి చేశారు. బండి ఆ సందులోంచి వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. అక్కడే కొబ్బరికాయ కొట్టారు, బొట్లు పెట్టారు. ఆ అలాగే అన్న మాట విని మా ఆయన తేలిక పడ్డారు. నేను పడలేదు. ఈ వైపు మనుషుల్లో పుట్టి పెరిగినదాన్ని. ఇంటికొచ్చిన వాళ్ల మాట మేము కాదనం. వాళ్లు ఉన్నంతసేపూ కాదనం.

భోజనం పెట్టారు. రొయ్యల ఇగురు, మామిడికాయ పప్పు, మజ్జిగ పులుసు. కొసరి కొసరి వడ్డించింది ఆ కుర్రాడి భార్య. సన్నటి పిల్ల, కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదనుకుంటాను. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే చెంబుతో నీళ్లు పోస్తూ మెల్లగా అడిగింది.

“ఆ బండితో నేనేమైనా చూసుకోవాలా అక్కయ్యా?”

ఇంట్లో ఎవరూ అడగని మాట. నాకు ఆ పిల్ల మీద జాలేసింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

“నడపడం సంగతి అతను చూసుకుంటాడు. నువ్వు చెయ్యాల్సింది వినడం. ఈల వస్తున్నంతసేపూ నీ పని నువ్వు చేసుకో. మెల్లగా తగ్గి ఆగితే ఇంటికొస్తున్నట్టు. ఉన్నట్టుండి ఆగితే మాత్రం, పొయ్యి కట్టేసి బయటికి వెళ్లు.”

పొయ్యి కట్టెయ్యడం ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఎంతసేపటికి తిరిగొస్తామో తెలియదని తనకి తనే అర్థం చేసుకుంది. చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు అందించి, ఎన్నాళ్లు విన్నారక్కయ్యా అంది. చాలా రోజులమ్మా అన్నాను. ఎన్నాళ్లుగానో మోస్తున్న మూట ఆ పిల్ల నెత్తిన పెట్టి వస్తున్నట్టు అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఇగురు కారంగా ఉందన్నాను.

జీపు అప్పటికే వెళ్లిపోయింది. బస్సుకి వెళ్తామంటే పెద్దాయన బస్‌స్టాపు వరకూ వచ్చి సాగనంపారు. కొత్త మినుములు ఒక సంచీ నిండా పోయించి నా చేతిలో పెట్టారు. గారెలు చేసుకోండమ్మా అన్నారు. పోతూ పోతూ మా ఆయన మళ్లీ ఒకసారి గుర్తు చేశారు, మినుము మీదికి మాత్రం వద్దండీ అని. పెద్దాయన నవ్వి, ఆయన చెయ్యి పట్టుకుని వదిలి, వెనక్కి నడిచారు. బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. మధ్యాహ్నపు ఎండ చురుక్కుమంటోంది, చెరువుల వైపు నుంచి నీచు వాసన వస్తోంది. సంచీ నా ఒళ్లో బరువుగా ఉంది. ఆయన చేతులు ఖాళీగా మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. బండి లేకుండా ఆయన్ని అలా చూడడం నాకు కొత్తగా ఉంది. పెళ్లయిన మొదటి రోజుల్లోని మనిషిలా ఉన్నారు.

అప్పుడు ఈల మొదలైంది.

ఊళ్లోంచి వస్తోంది. మా ఆయన తల తిప్పారు. నా మనిషి నా పక్కనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నారు. అయినా నా ఒళ్లు కళ్లం రోజుల్లో లాగే బిగుసుకుపోయింది. ఈల పెరిగింది గాని దగ్గరికి రావడం లేదు, దూరం పోవడం లేదు. ఒకేచోట నిలబడి అంతకంతకూ గట్టిగా అరుస్తోంది. మినుములో చక్రాలు దిగబడ్డాయి, ముందుకి పోలేక అక్కడే తిరుగుతున్నాయి అన్నారు ఆయన. లేచి నిలబడి, కాలు తియ్యి, కాలు తియ్యి అని తనలో తనే అనుకుంటున్నారు. తిరిగిన కొద్దీ చక్రాలు ఎండు మినుముని బండి కిందికి తోస్తాయి, గొట్టం ఇంకా ఎర్రబడుతుంది. అది నాక్కూడా అర్థమైంది.

ఈల ఆగింది. తగ్గి ఆగలేదు.

మా ఆయన పరుగెత్తారు. సంచీ ఎక్కడ పడేశానో తెలియదు, నేనూ పరుగెత్తాను. మలుపు తిరిగేసరికి పొగ కనపడింది, దాని కింద మంట. అతిథులు అలా వెళ్లగానే పక్కకి లాగిన మినుముని మళ్లీ రోడ్డు మీదికి సర్దారు. మేము బస్సెక్కి వెళ్లిపోయామనుకున్నారు. కొడుకు నడపగా పక్కన కూర్చుని ఆనవాయితీ తీర్చుకుందామని పెద్దాయన ఎక్కారు. కొడుకు ఆయనకి భద్రంగా బెల్టులన్నీ బిగించాడు. మా ఆయన నేర్పినట్టే బిగించాడు.

కొడుకు తన బిళ్ల తిప్పుకుని బయటపడ్డాడు, తండ్రి వైపుకి వచ్చి తలుపు తీశాడు. అక్కడితో అతనికి నేర్చుకున్నదంతా పోయింది. తండ్రిని భుజాలు పట్టుకుని లాగుతున్నాడు, నాన్నా, రా నాన్నా అంటూ. పెద్దాయన కూడా బెల్టులు పట్టుకుని గుంజుకుంటున్నారు. మంగినపూడి దగ్గర నేను గుంజినట్టే. మా ఆయన అతన్ని పక్కకి తోసి, పొగలోకి చెయ్యి పెట్టి బిళ్ల తిప్పారు. పెద్దాయన ఒక్కసారిగా ఊడి వచ్చారు. పంచె అంచు మండుతోంది. ఇద్దరూ మోసుకుంటూ తెచ్చి రోడ్డు పక్క పంటబోదె నీళ్లలో కూర్చోబెట్టారు. మోకాళ్ల కింద కాళ్లు బాగా కాలాయి. ఆ ఏడాదంతా ఆయన మంచం దిగలేదని తర్వాత విన్నాం. మా ఆయన మణికట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. మళ్లీ అలాంటి బండి జోలికి ఆయన వెళ్లలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు.

ఆ పూట మాత్రం నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. కూలీలు పంగలకర్రలతో మిగిలిన మినుముని మంటకి దూరంగా లాగుతున్నారు. బండి బొట్లతో, దండతో మండుతోంది. పొగ అడ్డం వచ్చి బోదె వైపు ఎవరున్నారో, ఎవరు లేరో వీధిలోంచి వచ్చేవాళ్లకి కనపడదు. ఆ వీధిలోంచే ఆ పిల్ల వచ్చింది. జనం పరుగెత్తుకొస్తుంటే తను పరుగెత్తడం లేదు. చెంగుతో చేతులు తుడుచుకుంటూ, మంట వైపే చూస్తూ నడిచొచ్చింది. చూస్తే నా చెవులే ఆ పిల్లకి ఉన్నాయి. నాకు ఏళ్లు పట్టింది, తనకి ఒక పూట చాలింది. వాళ్లు బతికే ఉన్నారని నేను చెప్పేలోపే, నా దగ్గరికి వచ్చి, నా చెయ్యి పట్టుకుని, అప్పజెప్పిన పని పూర్తి చేసినట్టు చెప్పింది.

“పొయ్యి కట్టేసే వచ్చానక్కయ్యా.”